ఒకే ఆల్టర్నేటర్, రెండు మూడు బ్యాటరీలు: సురక్షితంగా ఛార్జ్ చేసే పద్ధతి ఏది?

తెరచాప

సభ్యులందరికీ నమస్కారం. నాకు చిన్న డీజిల్ ఇంజన్ ఉన్న తెరచాప పడవ ఉంది. ఇంజన్‌తో వచ్చిన ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పుతుంటే కరెంటు పుట్టించే యంత్రం) 12 వోల్టులది, 90 ఆంపియర్ల సామర్థ్యం గలది, రెగ్యులేటర్ దాని లోపలే ఉంది. ఇంజన్ స్టార్ట్ చేయడానికి ఒక బ్యాటరీ, దీపాలు, ఫ్రిజ్, రేడియో, దారి చూపే పరికరాల కోసం 100 ఆంపియర్-గంటల లెడ్-యాసిడ్ బ్యాటరీలు రెండు ఉన్నాయి. ఆ రెండింటినీ సమాంతరంగా కలిపి ఒకే బ్యాంకుగా వాడుతున్నాను. స్టార్టింగ్ బ్యాటరీకీ ఈ బ్యాంకుకూ మధ్య చేతితో తిప్పే పాతకాలపు స్విచ్ ఉంది. దానికి ఒకటి, రెండు, రెండూ, ఆఫ్ అని నాలుగు స్థానాలు. లంగరు వేశాక దాన్ని సరైన స్థానానికి తిప్పడం మరిచిపోతే తెల్లవారేసరికి అన్ని బ్యాటరీలూ కలిసి దిగిపోతాయి.

మనిషి జ్ఞాపకం మీద ఆధారపడని ఏర్పాటు చేసుకోవాలని ఉంది. కరెంటును ఒక వైపుకే పోనిచ్చే డయోడ్ ఐసోలేటర్, వోల్టేజీని బట్టి కలిపి విడదీసే రిలే, ఒక బ్యాటరీ నుంచి తీసుకుని మరోదానికి తగిన వోల్టేజీతో ఇచ్చే డీసీ-డీసీ ఛార్జర్ అనే మూడు మార్గాలు కనిపిస్తున్నాయి. వీటిలో ఏది సురక్షితమో, ఎందుకో వివరించగలరా? మున్ముందు ఆ రెండు బ్యాటరీల స్థానంలో లిథియం పెట్టే ఆలోచన కూడా ఉంది కాబట్టి, ఇప్పుడు చేసే పని అప్పుడు మళ్లీ విప్పాల్సిన అవసరం రాకుండా ఉంటే మేలు.

ఇంజన్‌గది

తెరచాప గారూ, పరికరం ఎంచుకునే ముందు ఆల్టర్నేటర్ స్వభావం గురించి కొంత చెప్పుకోవాలి. దాన్ని గోడకు తగిలించే బ్యాటరీ ఛార్జర్ లాంటిదిగా భావించడం వల్లనే ఈ విషయంలో చాలా నష్టాలు జరుగుతాయి.

ఆల్టర్నేటర్‌లో తిరిగే రోటర్ చుట్టకు వెళ్లే చిన్న కరెంటును రెగ్యులేటర్ పెంచుతూ తగ్గిస్తూ, బయటికి వచ్చే వోల్టేజీని 14 నుంచి 14.4 ప్రాంతంలో నిలబెడుతుంది. అది చూసేది ప్రధానంగా వోల్టేజీనే. ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో, అవి ఏ బ్యాటరీలోకి పోతున్నాయో సాధారణ రెగ్యులేటర్‌కు తెలియదు. బాగా దిగిపోయిన బ్యాంకును తగిలిస్తే అది అడిగినంతా ఇవ్వడానికే ప్రయత్నిస్తుంది. పైన రాసి ఉన్న 90 ఆంపియర్లు వేగంగా తిరుగుతూ, ఇంకా వేడెక్కని స్థితిలో ఇవ్వగలిగిన పరిమాణం మాత్రమే. గంటల తరబడి ఇవ్వగలదని దాని అర్థం కాదు. 14 వోల్టుల దగ్గర 90 ఆంపియర్లంటే 1260 వాట్లు. ఆల్టర్నేటర్ సామర్థ్యం 55 నుంచి 60 శాతం అనుకుంటే, ఆ 1260 వాట్లు బయటికి వస్తున్నంతసేపూ మరో 800 నుంచి 1000 వాట్లు అక్కడే వేడిగా మారుతుంటాయి. గాలి సరిగా ఆడని ఇంజన్ గదిలో ఆ వేడి డయోడ్లనూ తీగచుట్టల మీది పూతనూ తినేస్తుంది. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే ఆల్టర్నేటర్ ఫ్యాన్ కూడా అదే నెమ్మదితో తిరుగుతుంది.

రెండో సంగతి దీనికంటే ముఖ్యమైనది. ఆల్టర్నేటర్ కరెంటు ఇస్తుండగా దాని ముందు నుంచి బ్యాటరీ హఠాత్తుగా తొలగిపోకూడదు. రోటర్‌లోని అయస్కాంత క్షేత్రం వెంటనే పడిపోదు, దానికి సెకనులో కొంత భాగం పడుతుంది. ఆ కాసేపట్లో పుట్టిన శక్తికి వెళ్లే దారి లేక వోల్టేజీ పైకి ఎగబాకుతుంది. రక్షణ లేని 12 వోల్టుల వ్యవస్థలో అది 100 వోల్టుల దాకా వెళ్లగలదు. దీన్నే లోడ్ డంప్ అంటారు. ఆల్టర్నేటర్ డయోడ్లతో పాటు అదే తీగ మీద ఉన్న రేడియో, సోనార్ వంటి పరికరాలు కూడా దానికి బలి కావచ్చు. మీ నాలుగు స్థానాల స్విచ్‌ను ఇంజన్ నడుస్తుండగా ఆఫ్ మీదుగా తిప్పవద్దని హెచ్చరించేది ఇందుకే.

ఈ రెండు సంగతుల నుంచి నా అభిప్రాయం పుట్టింది. ఆల్టర్నేటర్‌ను ఎప్పటికీ విడిపోని విధంగా ఏదో ఒక లెడ్-యాసిడ్ బ్యాటరీకి నేరుగా కట్టేయాలి, మిగతావన్నీ ఆ బ్యాటరీ నుంచి ఒక హద్దు గల ద్వారం గుండా ఛార్జ్ కావాలి. ఆ ద్వారం రిలేనా, డీసీ-డీసీ ఛార్జరా అన్నది అవతల ఉన్న బ్యాటరీని బట్టి నిర్ణయించుకోవచ్చు.

ఇక డయోడ్ ఐసోలేటర్ విషయం. అందులో కదిలే భాగాలు లేవు, ఒక బ్యాటరీ మరొకదాన్ని ఖాళీ చేయలేదు, ఆ మేరకు అది మంచిదే. అయితే సిలికాన్ డయోడ్ దాదాపు 0.7 వోల్టులను మింగేస్తుంది. ఆల్టర్నేటర్ దగ్గర 14.4 ఉంటే బ్యాటరీకి చేరేది 13.7 మాత్రమే. లెడ్-యాసిడ్ బ్యాటరీని నిండా నింపడానికి అది చాలదు. అలా సగం సగంగా ఛార్జ్ అవుతూ పోతే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ క్రమంగా చచ్చిపోతుంది. పైగా 80 ఆంపియర్లు పోతున్నప్పుడు 0.7 వోల్టుల వల్ల 56 వాట్ల వేడి ఆ చిన్న పెట్టెలో పుడుతుంది. వోల్టేజీని బ్యాటరీ దగ్గరే కొలిచే సెన్స్ తీగ ఉన్న రెగ్యులేటరైతే ఈ నష్టాన్ని సరిదిద్దవచ్చు, కానీ మీది లోపలి రెగ్యులేటర్ కాబట్టి సాధారణంగా ఆ సౌకర్యం ఉండదు. మరో ఇబ్బంది కూడా ఉంది: కొన్ని ఆల్టర్నేటర్లు తమ అవుట్‌పుట్ బోల్టు దగ్గర బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తేనే మేల్కొంటాయి, డయోడ్ ఆ వోల్టేజీని వెనక్కి రానివ్వదు. డయోడ్ల బదులు ట్రాన్సిస్టర్లు వాడే ఫెట్ రకం ఐసోలేటర్లలో నష్టం చాలా తక్కువ. కొనేటట్లయితే అవే కొనాలి.

సారంగు

ఇంజన్‌గది గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. తెరచాప గారి పడవలో ఈరోజు ఉన్న లెడ్-యాసిడ్ బ్యాటరీలకు మాత్రం వోల్టేజీని గమనించే రిలే చాలునని నా గట్టి నమ్మకం. స్టార్టింగ్ బ్యాటరీ దగ్గర వోల్టేజీ సుమారు 13.3 దాటితే ఆ రిలే రెండు బ్యాంకులనూ కలుపుతుంది, 12.8 ప్రాంతానికి పడిపోతే విడదీస్తుంది. కంపెనీని బట్టి ఈ అంకెలు కొద్దిగా మారుతాయి. ఇంజన్ ఆగాక కొద్దిసేపట్లోనే వోల్టేజీ దిగుతుంది, రిలే తెరుచుకుంటుంది, స్టార్టింగ్ బ్యాటరీ ఆ రాత్రికి సురక్షితం. వోల్టేజీ నష్టం దాదాపు ఉండదు, వేడి ఉండదు, సెట్టింగులు ఉండవు.

ఒక్క సలహా: ఇగ్నిషన్ తాళంతో పనిచేసే మామూలు రిలేను దీని బదులు వాడవద్దు. తాళం తిప్పగానే అది కలిసిపోతుంది కాబట్టి, సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లకు పైగా లాగేటప్పుడు అందులో కొంత భాగం హౌస్ బ్యాంకు (దీపాలు, ఫ్రిజ్ వంటివి నడిపే బ్యాటరీల జత) నుంచి, రెండింటినీ కలిపే సన్నని కేబుల్ గుండా, ఆ రిలే గుండా వస్తుంది. ఫ్యూజు పోవడమో, రిలే కాంటాక్టులు ఒకదానికొకటి వెల్డ్ అయి అతుక్కుపోవడమో జరుగుతుంది. అతుక్కుపోయినట్టు బయటికి ఏ సూచనా కనిపించదు, కాబట్టి అది బ్యాటరీలు దిగిపోయిన రోజునే తెలుస్తుంది.

పాత స్విచ్‌ను తీసేయాల్సిన పని లేదు. అత్యవసర సమయంలో హౌస్ బ్యాంకుతో ఇంజన్ స్టార్ట్ చేయడానికి దాన్ని ఉంచుకోండి.

చక్రాలఇల్లు

నాది పడవ కాదు, నివాసానికి అనువుగా మార్చిన వ్యాన్. సమస్య మాత్రం అదే కాబట్టి వాహనాల వైపు నుంచి ఒక హెచ్చరిక చేర్చాలనుకుంటున్నాను. సారంగు గారు చెప్పిన రిలే పాత వాహనాల్లో చక్కగా పనిచేస్తుంది. ఉద్గారాల నిబంధనలు కఠినమయ్యాక వచ్చిన కొత్త వాహనాల్లో ఆల్టర్నేటర్ వోల్టేజీని ఇంజన్ కంప్యూటరే నిర్ణయిస్తుంది. ఇంధనం ఆదా చేయడానికి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు అది వోల్టేజీని 12.5 ప్రాంతానికి దించేస్తుంది. వేగం తగ్గించేటప్పుడో బ్రేకు వేసినప్పుడో 15 దాకా పెంచి, ఊరికే పోయే శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. అలాంటి వాహనంలో వోల్టేజీని చూసే రిలే దారి పొడవునా కలుస్తూ విడిపోతూ ఉంటుంది, రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు. అక్కడ డీసీ-డీసీ ఛార్జర్ తప్పనిసరి. లోపలికి వచ్చే వోల్టేజీ ఎంత ఊగినా, రెండో బ్యాటరీకి కావలసిన దశల ప్రకారం స్థిరమైన వోల్టేజీ ఇవ్వడం దాని పని. అయితే ఇంజన్ నడుస్తోందో లేదో అది వోల్టేజీని బట్టి గుర్తించలేదు కనుక, ఇగ్నిషన్ నుంచి ఒక సంకేత తీగ ఇవ్వాలి.

ఇంకొక చిన్న విషయం చాలామంది దృష్టికి రాదు. ఈ వాహనాల్లో స్టార్టింగ్ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద అగ్గిపెట్టెంత సెన్సార్ ఒకటి ఉంటుంది, బ్యాటరీలోకి వచ్చిపోయే కరెంటు లెక్క అదే చూస్తుంది. రెండో బ్యాటరీ నెగటివ్‌ను తెచ్చి నేరుగా ఆ టెర్మినల్‌కు బిగిస్తే, ఆ కరెంటు సెన్సార్ గుండా వెళ్లదు, కంప్యూటర్ లెక్క తప్పుతుంది. దాన్ని ఛాసిస్ మీద తయారీదారు చూపిన ఎర్త్ బోల్టుకే బిగించాలి.

రాగితీగ

పరికరాల గురించి మంచి చర్చ జరిగింది. నాకు మాత్రం వాటికంటే కేబుళ్లూ ఫ్యూజులే ఎక్కువ ఆందోళన కలిగిస్తాయి. నాసిరకం రిలే వల్ల బ్యాటరీ సరిగా ఛార్జ్ కాకపోవచ్చు. ఫ్యూజు లేని కేబుల్ వల్ల పడవ కాలిపోతుంది.

రెండు బ్యాటరీలను కలిపే పాజిటివ్ కేబుల్‌కు రెండు చివరలా ఫ్యూజు ఉండాలి. ఆల్టర్నేటర్ వైపు ఒక్కటి ఉంటే చాలు కదా అని చాలామంది అనుకుంటారు. ఆ కేబుల్ మధ్యలో ఎక్కడో ఇంజన్ అంచుకు రాసుకుని తొడుగు చిరిగితే, కరెంటు రెండు వైపుల నుంచీ అక్కడికి దూసుకొస్తుంది. ఒక చివర ఫ్యూజు పోయినా రెండో బ్యాటరీ వేల ఆంపియర్లు పోస్తూనే ఉంటుంది. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ఈ-11 ప్రమాణం సాధారణ నియమంగా 7 అంగుళాలు, అంటే సుమారు 18 సెంటీమీటర్లు అని చెబుతుంది. బ్యాటరీకి నేరుగా తగిలి, పొడవునా అదనపు తొడుగులో ఉన్న కేబుల్‌కు 72 అంగుళాల దాకా సడలింపు ఇస్తుంది. సెల్ఫ్ మోటారు కేబుల్‌కు ఈ నియమం వర్తించదు.

ఫ్యూజు పరిమాణం కేబుల్‌ను కాపాడేటట్లు ఉండాలి. కేబుల్ మోయగలిగినదానికంటే ఫ్యూజు పెద్దదైతే, ఫ్యూజు చేయాల్సిన పని కేబుల్ చేస్తుంది. దీంతో పాటు ఫ్యూజు రకం కూడా చూడాలి. షార్ట్ అయినప్పుడు ఎంత కరెంటును అది నిజంగా తెంచగలదన్నది వేరే అంకె. ఏఎన్ఎల్ రకం ఫ్యూజులు సాధారణంగా 6000 ఆంపియర్ల దాకా, బ్యాటరీ టెర్మినల్ మీదే కూర్చునే ఎంఆర్‌బీఎఫ్ రకం 14 వోల్టుల దగ్గర 10,000 దాకా, క్లాస్ టీ రకం 20,000 దాకా తెంచగలవు. లెడ్-యాసిడ్ బ్యాంకుకు మొదటి రెండూ సరిపోతాయి. లిథియం బ్యాంకు లోపలి నిరోధం చాలా తక్కువ కాబట్టి, షార్ట్ అయితే వచ్చే కరెంటు మరీ ఎక్కువ. దాని దగ్గర క్లాస్ టీ వాడటమే సబబు.

కేబుల్ మందం లెక్క సులభమే. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగ నిరోధం 0.0175 ఓములు. స్టార్టింగ్ బ్యాటరీ నుంచి హౌస్ బ్యాంకు 6 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. వెళ్లేదీ వచ్చేదీ కలిపి 12 మీటర్లు. 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో 60 ఆంపియర్లు పోతే దాదాపు 0.8 వోల్టులు దారిలోనే పోతాయి. 35 చదరపు మిల్లీమీటర్లైతే 0.36 వోల్టులు, అంటే 12 వోల్టుల్లో 3 శాతం. సన్నని కేబుల్ వేసి డయోడ్ నష్టాన్ని విమర్శించడంలో అర్థం లేదు, ఎందుకంటే నష్టం అంతే.

నెగటివ్ వైపు కూడా అంతే మందం ఉండాలి. తెరచాప గారూ, కొత్త పరికరం కొనే ముందు ఒక పరీక్ష చేయండి. హౌస్ బ్యాంకు కొంత దిగాక ఇంజన్ నడిపి, క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూస్తూ, మల్టీమీటరు ఒక మొనను ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ బోల్టు మీద, రెండోదాన్ని హౌస్ బ్యాంకు పాజిటివ్ మీద పెట్టండి. అలాగే ఆల్టర్నేటర్ ఒంటి మీదికీ హౌస్ బ్యాంకు నెగటివ్ మీదికీ మధ్య చూడండి. తిరిగే బెల్టుకు చేతులు, తీగలు తగలకుండా ముందే క్లిప్పులు పెట్టుకుని, ఆ తర్వాతే ఇంజన్ వేయండి.

తెరచాప

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. రాగితీగ గారు చెప్పిన పరీక్ష చేశాను. 40 ఆంపియర్లు పోతుండగా ఆల్టర్నేటర్ దగ్గర 14.3 వోల్టులు ఉంది. పాజిటివ్ దారిలో 0.22, నెగటివ్ దారిలో 0.41 వోల్టులు తేడా చూపింది. అంటే బ్యాంకుకు చేరుతున్నది 13.7 కూడా లేదు. నెగటివ్ వైపు నష్టం ఎక్కువగా ఉండటం నాకు ఆశ్చర్యం కలిగించింది, ఎందుకంటే రెండు కేబుళ్లూ 35 చదరపు మిల్లీమీటర్లవే, నెగటివ్ కేబుల్ పొడవు 4 మీటర్లు మాత్రమే.

రాగితీగ

4 మీటర్ల 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో 40 ఆంపియర్లకు పోవలసింది 0.08 వోల్టులే. మిగతా 0.33 వోల్టులు ఏదో ఒక అతుకు దగ్గర పోతున్నాయి. 40 ఆంపియర్లతో గుణిస్తే ఒక్కచోటే 13 వాట్ల వేడి. ఇంజన్ బ్లాక్‌కు బిగించిన లగ్గుతో (కేబుల్ చివర ఉండే లోహపు కొన) మొదలుపెట్టి ఒక్కొక్క అతుకుకూ అటూ ఇటూ కొలవండి. ముట్టుకుంటే వేడిగా ఉన్నదే దొంగ. జాగ్రత్త, నిజంగా చేయి కాలవచ్చు.

తెరచాప

మీరు చెప్పినట్టే ఇంజన్ బ్లాక్ దగ్గరి లగ్గులోనే దొరికింది. బయటికి చూస్తే శుభ్రంగా ఉంది, బోల్టు బిగువుగా ఉంది, పైన తొడిగిన నల్లని ష్రింక్ గొట్టం చెక్కుచెదరలేదు. ఆ గొట్టాన్ని బ్లేడుతో పొడవునా కోస్తే లోపలి నుంచి పచ్చని పొడి రాలింది. లగ్గు మెడలోకి వెళ్లే రాగి పోగులు బయటి వరుసలో నల్లగా మారి ఉన్నాయి, వేలితో వంచితే కొన్ని విరిగిపోయాయి. క్రింపు (లగ్గును కేబుల్ మీద నొక్కి బిగించిన చోటు) సుత్తితో కొట్టి నొక్కినట్టుగా ఒక పక్కకే ఉంది, రెండో పక్క ఖాళీలోకి తేమ చేరింది. తగరపు పూత ఉన్న కేబుల్, షట్కోణపు క్రింపు, లోపల జిగురు ఉన్న ష్రింక్ గొట్టంతో మళ్లీ చేయించాను. ఇప్పుడు అదే 40 ఆంపియర్లకు నెగటివ్ దారిలో 0.09 వోల్టులే తేడా, బ్యాంకు దగ్గర 14.0 కనిపిస్తోంది. పరికరమేదీ కొనకుండానే బ్యాంకుకు 0.3 వోల్టులు అదనంగా చేరాయి.

ఇక మిగిలింది లిథియం ప్రశ్న. దాని గురించి ఎవరైనా వివరిస్తారా?

ఇంజన్‌గది

లిథియం అంటే మనం మాట్లాడుకునేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గురించి అనుకుంటున్నాను. పడవల్లో, వ్యాన్లలో వాడటానికి అనువైన రకం అదే. ఒకే ఆల్టర్నేటర్ మీద దాన్ని పెట్టేటప్పుడు లెడ్-యాసిడ్ కంటే భిన్నమైన చిక్కులు వస్తాయి. అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి.

మీ 200 ఆంపియర్-గంటల లెడ్-యాసిడ్ బ్యాంకు సగం దిగినా, ద్రవంతో నిండిన సాధారణ రకమైతే 50 ఆంపియర్లకు మించి పెద్దగా తీసుకోదు, నిండే కొద్దీ అది కూడా తగ్గుతూ పోతుంది. ఆల్టర్నేటర్‌కు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. అదే పరిమాణపు లిథియం బ్యాంకు ఇచ్చినదంతా, దాదాపు నిండే దాకా, తగ్గకుండా లాగుతుంది. మీ 90 ఆంపియర్ల ఆల్టర్నేటర్ గంటల తరబడి తన గరిష్ఠ స్థాయిలో పనిచేయాల్సి వస్తుంది, దాని కోసం అది తయారు కాలేదు.

బ్యాటరీ లోపల ఉండే బీఎంఎస్, అంటే సెల్‌లను పర్యవేక్షించే ఎలక్ట్రానిక్ వ్యవస్థ, మరో చిక్కు. ఏదైనా సెల్ వోల్టేజీ హద్దు దాటినా, ఉష్ణోగ్రత హద్దు దాటినా బీఎంఎస్ బ్యాటరీని హఠాత్తుగా విడదీస్తుంది. తన సెల్‌లను కాపాడుకోవడం దాని విధి, ఆల్టర్నేటర్‌ను కాపాడటం దాని పని కాదు. ఆ క్షణంలో ఆల్టర్నేటర్ ముందు ఇంకే బ్యాటరీ లేకపోతే నేను మొదట చెప్పిన లోడ్ డంప్ జరుగుతుంది. లిథియం సెల్‌లను 0 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయకూడదు కాబట్టి, చలి ప్రాంతాల్లో బీఎంఎస్ విడదీయడానికి ఇది మరొక కారణం.

సారంగు గారు సూచించిన రిలే ఇక్కడ పనికిరాకపోవడానికి మరో కారణం ఉంది. నిండిన లెడ్-యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.6 లేదా 12.7 వోల్టులు చూపుతుంది. నిండిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ విశ్రాంతిలోనే 13.3 ప్రాంతంలో ఉంటుంది, సగం దిగినా 13 దాటే ఉంటుంది. 12.8 దగ్గర విడిపోవాల్సిన రిలే ఇంజన్ ఆగాక కూడా విడిపోదు. లిథియం బ్యాటరీ రాత్రంతా స్టార్టింగ్ బ్యాటరీని ఛార్జ్ చేస్తూ కూర్చుంటుంది. రిలే పాడైందని పొరబడి దాన్ని మార్చేవారు ఉన్నారు, నిజానికి అది తనకు చెప్పినట్టే పనిచేస్తోంది.

అందుకే లిథియం పెట్టేటప్పుడు, ఆల్టర్నేటర్ స్టార్టింగ్ బ్యాటరీకి నేరుగా కట్టి ఉండగా, అక్కడి నుంచి డీసీ-డీసీ ఛార్జర్ ద్వారా లిథియంకు ఇవ్వడం సరళమైన, నమ్మదగిన మార్గం. 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ 14.4 వోల్టుల దగ్గర 432 వాట్లు ఇస్తుంది. సామర్థ్యం 90 శాతం అనుకుంటే, లోపలికి 13.5 వోల్టుల దగ్గర సుమారు 36 ఆంపియర్లు లాగుతుంది. 90 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు అది భారం కాదు. బీఎంఎస్ విడదీసినా స్టార్టింగ్ బ్యాటరీ అక్కడే ఉంటుంది కాబట్టి ఆల్టర్నేటర్ సురక్షితం. 30 ఆంపియర్లు నెమ్మది అనిపించవచ్చు, ఇంజన్ ఎక్కువసేపు నడిపేవారు దీంతో సంతృప్తి పడతారు.

అంతకు మించి వేగం కావాలంటే పెద్ద ఆల్టర్నేటర్, దాని ఉష్ణోగ్రతను కొలిచి కరెంటు తగ్గించే బయటి రెగ్యులేటర్, విడదీసే ముందు రెగ్యులేటర్‌కు సంకేతం పంపి ఫీల్డ్‌ను, అంటే రోటర్ చుట్టకు వెళ్లే కరెంటును, ఆపించగల బీఎంఎస్ అన్నీ కలిపి పెట్టుకోవాలి. వీటిలో ఒకటి పెట్టి మరొకటి వదిలేయడం ప్రమాదకరం. సాధారణమైన ఒంటి వీ-బెల్టు 100 ఆంపియర్ల ప్రాంతం దాటితే జారడం మొదలుపెడుతుందని కూడా గుర్తుంచుకోండి. నల్లని పొడి కప్పి చుట్టూ పేరుకుంటోందంటే అదే సూచన.

నీటిబాట

నేను ఇన్నాళ్లూ చదివే సభ్యుణ్ణి మాత్రమే, ఒక సందేహం అడుగుతాను. ఆల్టర్నేటర్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీసి, ఇంజన్ ఆగకపోతే బాగుందని చెప్పే మెకానిక్‌లను చూశాను. అది సరైన పద్ధతేనా?

ఇంజన్‌గది

కాదు, దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. పైన చెప్పిన లోడ్ డంప్‌ను మన చేతులతో మనమే సృష్టించడం అది. బాగున్న ఆల్టర్నేటర్ ఆ పరీక్షతోనే పాడవుతుంది. మల్టీమీటరుతో ఇంజన్ ఆగినప్పుడు ఒకసారి, నడుస్తున్నప్పుడు ఒకసారి బ్యాటరీ వోల్టేజీ చూస్తే చాలు.

సారంగు

లిథియం విషయంలో ఇంజన్‌గది గారి వాదనను ఒప్పుకుంటున్నాను. లిథియం పెట్టాలన్న నిర్ణయం ఖాయమైతే రిలే మీద ఖర్చు చేయవద్దు. ఖాయం కాకపోతే మాత్రం లెడ్-యాసిడ్ బ్యాంకుకు డీసీ-డీసీ ఛార్జర్ పెట్టి, ఆల్టర్నేటర్ ఇవ్వగల 50 ఆంపియర్లను 30కి కుదించుకోవడం నాకు అనవసరం అనిపిస్తుంది. ఇంజన్ తక్కువసేపు నడిపే తెరచాప పడవలో ప్రతి నిమిషమూ విలువైనదే.

ముందు భాగంలో లంగరు ఎత్తే యంత్రానికి వేరే బ్యాటరీ పెట్టుకునేవారికి ఒక మాట. దాన్ని మూడో బ్యాంకుగా చూడాలి. స్టార్టింగ్ బ్యాటరీ నుంచి అక్కడికి ఉండే దూరం ఎక్కువ, యంత్రం లాగే కరెంటు ఎక్కువ. అక్కడ చిన్న డీసీ-డీసీ ఛార్జర్ పెడితే సన్నని కేబుల్‌తోనే నిండా ఛార్జ్ అవుతుంది, ఎందుకంటే దారిలో పోయిన వోల్టేజీని అది తిరిగి పెంచుకుంటుంది.

చక్రాలఇల్లు

తెరచాప గారు బ్యాటరీలను ఎక్కడ అమర్చారో చెప్పలేదు. ద్రవంతో నిండిన లెడ్-యాసిడ్ బ్యాటరీ నిండే దశలో హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ తగిలితే చాలు, పేలుతుంది. మూసిన పెట్టెలో పెట్టేవారు పైభాగంలో రంధ్రం వదలాలి, ఎందుకంటే హైడ్రోజన్ గాలికంటే తేలిక. రిలేను, స్విచ్‌ను ఆ పెట్టె లోపలే బిగించడం చాలాచోట్ల చూశాను, అది ఎంతమాత్రం తగదు. ఇంజన్ పక్కనే బ్యాటరీ ఉంటే వేడి కూడా లెక్కలోకి వస్తుంది: 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకీ 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీకి ఛార్జింగ్ వోల్టేజీని సుమారు 0.024 వోల్టులు తగ్గించాలి. 45 డిగ్రీల గదిలో అది దాదాపు అర వోల్టు అవుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఇంజన్ ఆపి, గాలి ఆడేలా తలుపులు తెరిచి, బ్యాటరీ చల్లబడే దాకా దాని తీగలేవీ ముట్టుకోకండి.

తెరచాప

బ్యాటరీలు సీటు కింద, ఇంజన్ గదికి బయట ఉన్నాయి. పైన గాలి రంధ్రం ఉంది, రిలే కోసం పక్క గదిలో చోటు చూశాను. లిథియం వెంటనే పెట్టే పరిస్థితి లేదు కాబట్టి, సారంగు గారు చెప్పినట్టు వోల్టేజీని చూసే రిలేతో మొదలుపెడుతున్నాను. ఆల్టర్నేటర్ అవుట్‌పుట్‌ను పాత స్విచ్ నుంచి తీసి నేరుగా స్టార్టింగ్ బ్యాటరీకి, మధ్యలో ఫ్యూజుతో కలుపుతాను. ఇకమీదట ఆ స్విచ్‌ను ఎటు తిప్పినా ఆల్టర్నేటర్ ఒంటరి కాదు. 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, రెండు చివరలా 150 ఆంపియర్ల ఎంఆర్‌బీఎఫ్ ఫ్యూజులు, 140 ఆంపియర్ల రిలే అనుకున్నాను. లిథియం వచ్చిన రోజున రిలే తీసి అదే చోట డీసీ-డీసీ ఛార్జర్ బిగించి, ఫ్యూజులు మార్చుకుంటే సరిపోతుందని లెక్క. ఇందులో ఎవరికైనా లోపం కనిపిస్తే దయచేసి చెప్పండి.

రాగితీగ

లెక్క సరిగానే ఉంది. ఆల్టర్నేటర్‌కు, స్టార్టింగ్ బ్యాటరీకి మధ్య పెట్టే ఫ్యూజు విషయంలో మాత్రం పొదుపు చూపకండి: అది పోయిన క్షణంలో ఆల్టర్నేటర్ ముందు బ్యాటరీ ఉండదు. 90 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు 100 ఆంపియర్ల ఫ్యూజు పెడితే వేడికి అలసి ఎప్పుడో ఒకప్పుడు ఊరికే పోతుంది. కేబుల్ మోయగలిగినంత వరకు, 150 పెట్టండి. ఫ్యూజును బ్యాటరీ చివరనే ఉంచండి, ఎందుకంటే షార్ట్ అయితే ప్రమాదకరమైన కరెంటు వచ్చేది అటువైపు నుంచే. రిలే నుంచి వచ్చే సన్నని నెగటివ్ తీగకు కూడా మంచి ఎర్త్ ఇవ్వండి, అది వదులైతే రిలే వోల్టేజీని తప్పుగా చదువుతుంది. అన్నీ బిగించాక మొదటిసారి నడిపినప్పుడు అరగంట తర్వాత ప్రతి లగ్గునూ ఒకసారి తాకి చూసి, వేడిగా ఉన్నదాన్ని మళ్లీ క్రింపు చేయించండి.